వంటింట్లోంచి ఎంచిన పికప్

మీ తాతయ్య గిటార్ పాడైంది భక్తి వల్ల. ఆయన ఒప్పుకోరు కానీ అదే నిజం, అలాగే రాయి.

మద్రాసులో సినిమాలకి గిటార్ వాయిస్తున్నప్పటి నుంచీ ఆయనకొక అలవాటు. దసరా ఆయుధపూజకి స్టూడియోల్లో కెమెరాకి, మైకుకి, ఆఖరికి లైటు స్టాండుకి కూడా బొట్టు పెట్టేవారు. అది చూసి మీ తాతయ్య ఇంటికొచ్చి గిటార్‌ని పీట మీద పడుకోబెట్టి, ఒళ్లంతా తుడిచి, గంధం అరగదీసి, పన్నీరుతో తడిపి, తీగల కింద ఉండే తెల్లటి పట్టీ మీద వరసగా ఆరు బొట్లు పెట్టేవారు. గంధం మీద కుంకుమ. "తడి గంధం వద్దండీ, లోపలికి దిగుతుంది" అని నేను ప్రతి ఏడూ అంటూనే ఉండేదాన్ని. "అమ్మవారి తడి ఏమీ చెయ్యదే" అనేవారు.

ఆ తెల్లటి పట్టీనే పికప్ అంటారు. నువ్వెలాగూ అడుగుతావని చెప్తున్నాను. లోపల ఆరు అయస్కాంతం ముక్కలుంటాయి, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. పైన గిటార్ తీగ కదిలితే ఆ సంగతి దీనికి తెలుస్తుంది. ఇది పోయి స్పీకర్ పెట్టెకి చెప్తుంది, ఆ పెట్టె ఊరందరికీ చెప్తుంది. మన వీధిలో కబుర్లు పాకినట్టే అనుకో. ఆయన గిటార్‌కి అలాంటివి మూడున్నా, వాడేది ఒక్కటే, గిటార్ మెడకి దగ్గరగా ఉండేది. దాంట్లోంచే ఆయన సౌండ్ వచ్చేది. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి వేలు తియ్యకుండా జారుకుంటూ వెళ్లేవారు, వీణ మీద వెళ్లినట్టు. హీరోయిన్ గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆలోచించే సీన్లుంటాయి చూడు, అప్పట్లో అవన్నీ మీ తాతయ్యవే.

సినిమా వాళ్లందరితో పాటు మేమూ మద్రాసు వదిలి ఫిల్మ్‌నగర్ కొండ వాలు మీదికి వచ్చి పడ్డాం. కింద మేము, పైన ఒక పోర్షన్ అద్దెకి. వచ్చిన కొత్తలో రికార్డింగులు బాగానే ఉండేవి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే వయొలిన్లు, ఇంకోటి నొక్కితే ఫ్లూటు, ఇంకోటి నొక్కితే గిటార్. కొండకి అటువైపు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తుంటే, ఇటువైపు వాయిద్యాల వాళ్ల ఫోన్లు మూగబోయాయి. మీ తాతయ్య మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ పక్కన పేపర్ చదువుకునేవారు. ఎవరైనా అడిగితే "కాస్త విశ్రాంతి తీసుకుంటున్నా" అనేవారు. విశ్రాంతికి ఇస్త్రీ చొక్కా ఎందుకని నేను అడగలేదు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. ఒక కుర్ర మ్యూజిక్ డైరెక్టర్.

"ఆంటీ, అంకుల్ ఉన్నారా? కీబోర్డులో గిటార్ ఎంత వాయించినా ప్లాస్టిక్ బిందె కొట్టినట్టు ఉందండీ. డైరెక్టర్ గారికి అంకుల్ పాత సౌండే కావాలంట. బుధవారం రాగలరా?"

మీ తాతయ్య ఫోన్ తీసుకుని, డైరీ చూస్తున్నట్టు కాసేపు ఆగి, "బుధవారమా... చూద్దాం, కుదరొచ్చు" అన్నారు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి "ఏమోయ్, కేసరి చెయ్యి" అన్నారు.

కేసరిలో నెయ్యి వేస్తుండగా ముందుగదిలోంచి గిటార్ తీగ చప్పుడు వినిపించింది, స్పీకర్ పెట్టెలోంచి మాత్రం ఏమీ రావట్లేదు. వైరు మార్చారు. పెట్టె మీద ఒకటిచ్చారు. పక్క పికప్‌కి మారిస్తే మోగుతోంది, తనది మాత్రం చచ్చిపోయింది. బుధవారం పాత సౌండ్ కావాలన్నారు, ఆ సౌండ్ ఇచ్చేదేమో ఇది. ఈ అవకాశం కాస్తా పోతే ఇంక పిలిచేవాళ్లు లేరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కేసరి ఇద్దరం తిన్నాం కానీ రుచి తెలియలేదు.

ఆ సాయంత్రమే షేక్‌పేట మీదుగా టోలిచౌకి వెళ్లాం. అక్కడ పెళ్లి బ్యాండ్ల ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు ఒకడున్నాడు. పికప్ విప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, లైటు కింద పెట్టి చూశాడు.

"ఏంది సార్ గిది? పికప్పా, కుంకుమ భరిణెనా?"

లోపలంతా ఆకుపచ్చగా చిలుము పట్టింది. మధ్యలో ఎర్రగా, ముద్దగా ఏళ్ల తరబడి చేసిన దసరాలన్నీ అక్కడే ఉన్నాయి.

"పూజ చేసేవాణ్ణి" అన్నారు మీ తాతయ్య.

"మంచిగనే చేసిండ్రు. పుణ్యం మీకు దక్కింది, తడి దీనికి దక్కింది. తీగ మొత్తం తినేసింది సార్."

"మళ్లీ చుట్టలేవా?"

"ఫ్యాను మోటారైతే చుడతా. గింత సన్నం తీగ నాతోని కాదు, బొంబాయికి పంపాలె. నెల పడతది. ఫికర్ చేయకుండ్రి, కొత్తది దొరికితే పెట్టుకోండ్రి. ఒక మాట యాదుంచుకోండ్రి, రెండు దిక్కుల స్క్రూలుంటయ్. తిప్పితే పికప్ తీగల దగ్గరికొస్తది, దూరం పోతది. ఎంత దూరంల ఉంచాల్నో మీ చెవే చెప్పాలె."

కొత్తది ఎక్కడ దొరుకుతుందా అని ఆటోలో వస్తూ బెంగపడ్డాం కానీ అది మా నెత్తి మీదే ఉంది. పై పోర్షన్‌లో కరీంనగర్ అబ్బాయి ఉండేవాడు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ రోజుల్లో జీతాలు పడగానే కుర్రాళ్లు గిటార్లు కొనేవారు. మనవాడు అంతటితో ఆగక వాటికి పార్టులు కూడా కొనేవాడు. జీతం పడితే ఒక పికప్. తీసేస్తాడు, ఇంకోటి పెడతాడు, ఇంటర్నెట్‌లో చదువుతాడు, మళ్లీ మారుస్తాడు. వాయించేది మాత్రం ఎప్పుడూ అదే పాట, అదీ సగం దాకానే.

సంగతి చెప్పగానే బిస్కెట్ డబ్బా పట్టుకుని రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు.

"సార్, మీకు సైజు సరిపోయేటివి రెండున్నయ్. ఒకటి ఫుల్ పవర్. గోడలు కదుల్తయ్. ఇంకోటి క్లియర్, ఒక్కో స్వరం ముత్యం లెక్క వినబడ్తది. సోల్డరింగ్ నేనే చేస్తా."

"రేపు నీకు సెలవేనా నాయనా?" అన్నాను.

"రేపు ఆదివారమే కదా ఆంటీ. మీరు టిఫిన్ పెడితే సోమవారం కూడా సెలవు పెడ్తా."

మర్నాడు పొద్దున్నే పెసరట్లు తిని పనిలో దిగారు. తీగలు విప్పడం, పాత పికప్ స్థానంలో కొత్తది పెట్టడం, సోల్డరింగ్ చేసి మళ్లీ తీగలు బిగించి శ్రుతి చెయ్యడం. ఒక్కోదానికి గంటకి తక్కువ పట్టలేదు.

ముందు ఫుల్ పవర్ది. మీ తాతయ్య ఒక్క స్వరం వాయించారో లేదో ఎదురింటి కుక్క లేచి మొరిగింది.

"ఇది ఫైట్ సీన్లకి బాబూ. హీరోయిన్ పారిపోతుంది" అన్నారు. పైగా ఆయన జారుడు స్వరం పట్టుకుని లాగుతుంటే మధ్యలో ఏదో అడ్డం పడ్డట్టు వణికింది. అయస్కాంతం బలమైంది కదా, తీగనే తన వైపు లాగేస్తోందట. అబ్బాయి చెప్పాడు.

తర్వాత ముత్యాలది. వాయించగానే ఆయన ముఖం విప్పారింది. "ఇదీ! ఇదీ సౌండంటే! ఎంత స్పష్టంగా ఉందో చూశావా?"

నేను చూశాను. నాకైతే స్టీలు పళ్లెం మీద ఫోర్కుతో గీసినట్టుంది. పళ్లు జివ్వుమన్నాయి. అబ్బాయి వైపు చూస్తే వాడూ ఒక కన్ను మూసుకుని భుజం పైకి లాక్కున్నాడు. అయినా "సూపర్ సార్" అన్నాడు. పెసరట్లు తిన్న మొహమాటం.

నేనేం మాట్లాడతాను? నాకు సరిగమలు కూడా సరిగ్గా రావు. ఆయనేమో ఇన్నేళ్లుగా దాని మీద బతికిన మనిషి. బాగుందేమోలే అనుకుని లోపలికి వెళ్లబోయాను.

"కానీ బాబూ, ఈ టోన్ బటన్ కూడా పోయినట్టుంది" అన్నారాయన. టోన్ బటన్ అంటే సౌండులో పైన ఉండే పదును తగ్గించే మీట. "చూడు, తిప్పుతున్నా, ఏమీ మారట్లేదు."

తిప్పారు. వాయించారు. ఆ పళ్లెం గీసిన చప్పుడు చక్కగా తగ్గిపోయింది. మళ్లీ ఇటు తిప్పారు. మళ్లీ జివ్వుమంది.

"చూశావా? తేడా లేదు" అన్నారు.

ఆ అబ్బాయి నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. అప్పుడు నాకు దోమలు గుర్తొచ్చాయి. ఇంటికి ఎవరొచ్చినా మీ తాతయ్య "ఈ కొండెక్కాక దోమలే లేవండీ" అని గొప్పగా చెప్పేవారు. నేను పక్కనే కూర్చుని చెవి దగ్గర దోమని తోలుకుంటూ, ఈయన అబద్ధం ఎందుకు ఆడుతున్నారా అనుకునేదాన్ని. అబద్ధం కాదు. ఆయనకి వినిపించట్లేదు. ఏళ్ల తరబడి చెవులకి హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చున్న మనిషికి పై చప్పుళ్లు ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి, చెప్పకుండా.

"సార్... బటన్ మంచిగనే..." అని అబ్బాయి మొదలుపెట్టాడు. నేను కళ్లతో వద్దన్నాను. వాడు నోరు మూసుకున్నాడు కానీ మీ తాతయ్య తెలివితక్కువ మనిషి కాదు. ఇద్దరి ముఖాలూ చూశారు.

"పని చేస్తోందా?" అని నన్నే అడిగారు.

ఏం చెప్పమంటావు? "చేస్తోందండీ" అన్నాను.

గిటార్ మెల్లగా పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్లారు. అబ్బాయి "నేను పోయొస్తా ఆంటీ" అని లేవబోతే "కూర్చో" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. బాల్కనీలో ఆయన కింద రోడ్డు మీద ఎవరో కారు వెనక్కి తీస్తుంటే వంగి చూస్తున్నారు. ఆ కారు కీచుకీచుమంటోంది. దాన్నే వినడానికి ప్రయత్నిస్తున్నారని అర్థమైంది.

కాసేపటికి లోపలికొచ్చారు. "సరే. నేను వాయిస్తా, నువ్వు చెప్పు" అన్నారు.

"నేనా? నాకేం తెలుసండీ? ఆ అబ్బాయిని అడగండి."

"వాడు నా సౌండ్ ఎప్పుడు విన్నాడే? వాడు విన్నది ఇంటర్నెట్. పెళ్లైన దగ్గర్నుంచి నేను సాధన చేస్తుంటే విన్నది నువ్వొక్కదానివే. ఇష్టముండి విన్నావో, ఇష్టం లేక విన్నావో, విన్నావు."

"నిజమే ఆంటీ, నేను విన్నది నేను వాయించే ఒక్క పాటనే, గదీ సగమే" అన్నాడు వాడు. అంత బాధలోనూ మీ తాతయ్య ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది.

ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వాయించారు. నాకేమీ తెలియలేదు. బాగుందా అంటే బాగుంది, బాగాలేదా అంటే బాగాలేదు. చెవులు రిక్కించిన కొద్దీ అయోమయం. పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు ముఖంలోకి చూస్తూ వింటే ఏం తెలుస్తుంది? అప్పుడు తట్టింది. నేనెప్పుడూ ఆయన గిటార్ ఎదురుగా కూర్చుని వినలేదు. విన్నదంతా వంటింట్లోంచే.

"ఉండండి" అని లేచి వెళ్లి స్టవ్ వెలిగించాను. పప్పు కుక్కర్లో ఉంది, మూకుడు పెట్టి నూనె పోసి, కూరకి వంకాయలు తరగడం మొదలుపెట్టాను. "ఇప్పుడు వాయించండి!" అని అరిచాను.

ముత్యాల పికప్ వాయించారు. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. ఇదెవరో వేరే మనిషి మా ఇంటికొచ్చి వాయిస్తున్నట్టుంది. "కాదు!" అన్నాను. "టోన్ తగ్గించి వాయిస్తా!" అన్నారు. తగ్గిస్తే చెవికి పదును తగ్గింది కానీ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. "కాదు! కుక్క మొరిగిందే, అది పెట్టండి!"

"అది ఫైట్ సీన్లకే!"

"పెట్టమన్నానా?"

అబ్బాయి మళ్లీ తీగలన్నీ విప్పాడు, మళ్లీ సోల్డరింగ్. ఈలోగా నా కూర అయిపోయింది. ఊరికే నిలబడితే వినపడదని పులుసు కూడా మొదలుపెట్టాను. మళ్లీ గోడలు కదిలాయి, మళ్లీ కుక్క మొరిగింది. కానీ ఆ మోత అడుగున ఎక్కడో, ఆయన ఉన్నారు. గుంపులో మనవాడి గొంతు గుర్తుపడతాం చూడు, అలా.

"అరుస్తోంది కానీ ఇదే!" అన్నాను. "ఆ టోలిచౌకి ఆయన స్క్రూలని చెప్పలేదూ? కిందికి దించండి!"

దించారు. "ఇంకా!" దించారు. "ఇంకొంచెం!"

"ఇంకా దించితే గిటార్ వెనక నుంచి బయటికొస్తది ఆంటీ!" అని వాడి కేక.

"రానీ!"

పికప్ తీగలకి దూరం జరిగేసరికి అయస్కాంతం పట్టు వదిలింది. మోత తగ్గింది. మీ తాతయ్య ఆ జారుడు స్వరం పట్టుకున్నారు. అది వణక్కుండా, ఎక్కడా తట్టుకోకుండా, మెల్లగా పైకెళ్లి అక్కడ కాసేపు నిలబడి దిగింది. నేను పులుసు కలుపుతూనే ఉన్నాను. వాయించడం ఆగింది. "ఏమే? చెప్పవేం?" అని ముందుగదిలోంచి పిలిచారు. అప్పుడు తెలిసింది, నేను వినడం మర్చిపోయి వంట చేసుకుంటున్నాను, ఎప్పటిలాగే.

"ఇదేనండీ" అన్నాను.

బుధవారం స్టూడియోకి నన్నూ రమ్మన్నారు. స్టూడియో అంటే పెద్ద హాలు కాదు, జూబ్లీహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు గదులు, మధ్యలో అద్దం. అటు మీ తాతయ్య, ఇటు కంప్యూటర్ ముందు ఆ కుర్ర మ్యూజిక్ డైరెక్టర్, వెనక సోఫాలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని నేను. చెవుల సంగతి బయటపడితే ఫిల్మ్‌నగర్‌లో సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది, ఆ తర్వాత ఫోన్ మోగదు. అందుకని ఇంట్లోనే ఒక ఏర్పాటు చేసుకున్నాం. సౌండు పదునెక్కితే నేను చెవి కమ్మ పట్టుకోవాలి, ఆయన టోన్ తగ్గిస్తారు. బాగుంటే గాజులు వెనక్కి తోసుకోవాలి.

ఆయన వాయించారు. ఇంట్లో అంత మెత్తగా ఉన్నది ఇక్కడ మళ్లీ జివ్వుమంటోంది. కమ్మ పట్టుకున్నాను. ఆయన టోన్ తగ్గించారు. చాల్లేదు, మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ తగ్గించారు. ఇంక తగ్గిద్దామంటే మీట తిరగదు, నేనేమో కమ్మ వదల్లేదు.

ఆ మ్యూజిక్ డైరెక్టర్ నా వైపు కుర్చీ తిప్పాడు. "ఆంటీ, చెవి పోటా? నా దగ్గర డ్రాప్స్ ఉన్నాయి, వెయ్యనా?"

అద్దం అవతల మీ తాతయ్య తలెత్తి మా ఇద్దర్నీ చూశారు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, మైకు దగ్గరికి వంగారు.

"ఆమె చెవులు బాగానే ఉన్నాయి నాన్నా. బాలేనివి నావి. పై సౌండ్ నాకు వినపడట్లేదు. అందుకే ఆమెని తెచ్చుకున్నాను. ఇది నీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పు, గిటార్ సర్దేసుకుంటాను."

వద్దండీ అని చేయి ఊపాను కానీ ఆయన నా వైపు చూడలేదు.

ఆ కుర్రాడు తన మైకు మీట నొక్కాడు. "అంకుల్, ఈ ఇండస్ట్రీలో చెవులెవరికున్నాయండీ? ప్రొడ్యూసర్ వినడు, హీరో వినడు, డైరెక్టర్ తను అనుకున్నదే వింటాడు. మీకు పైది ఒక్కటేగా వినపడనిది!" అని, నా వైపు తిరిగి, "ఆంటీ, మీరిటు ముందుకి రండి. ఎక్కడ గుచ్చుతోంది?" అన్నాడు.

టిఫిన్ క్యారియర్ కింద పెట్టి వెళ్లాను. అతనే కంప్యూటర్‌లో పదును పెంచి పెట్టుకున్నాడట, ఈ కాలం వాళ్లకి అలవాటట. ఒక మీట కిందికి జరిపాడు. ఇంకొంచెం అన్నాను. జరిపాడు. మీ తాతయ్యని టోన్ మళ్లీ మామూలుగా పెట్టమన్నాం. రెండోసారి వాయించారు. కళ్లు మూసుకుని వాయించారు. గాజులు తోసుకోవాల్సిన పని లేకుండా "అదీ" అని పైకే అనేశాను. ఇటువైపు మైకు ఆపలేదట, ఆ ముక్క కూడా అవతలి స్పీకర్లో మోగి రికార్డైపోయిందని మళ్లీ వాయించాల్సి వచ్చింది. మూడోసారి వాయించిందే సినిమాలో ఉంది.

బయటికొచ్చేటప్పుడు ఆ కుర్ర మ్యూజిక్ డైరెక్టర్ "వచ్చే వారం ఇంకో బిట్ ఉంది అంకుల్, ఇద్దరూ రండి" అన్నాడు. మీ తాతయ్య ఈసారి డైరీ చూసినట్టు నటించలేదు. "వస్తాం" అన్నారు.

ఆటో ఎక్కాం. కొండ ఎక్కుతుంటే ఆయన నెమ్మదిగా అడిగారు. "ఎలా వచ్చిందే? నిజం చెప్పు." పెళ్లైన ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"సౌండ్ బాగుందండీ. చివర్లో దిగేటప్పుడు మాత్రం కాస్త తొందరపడ్డారు" అన్నాను.

"ఏంటీ? నేను తొందరపడ్డానా? నిన్ను అడిగింది సౌండ్ గురించే! తాళం గురించి ఎవరడిగారు?"

"అడగకపోతే వినపడకుండా పోతుందా?"

"ఒక్క పికప్ ఎంచగానే విద్వాంసురాలివైపోయావా?"

"ఎంచమన్నది మీరేగా!"

ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, "గొడవ ఆపుండ్రి పెద్దాయనా, ఏ సందుల దిగుతరో జర చెప్పుండ్రి" అన్నాడు. అప్పటికే మా సందు దాటేసి చాలా పైకి వెళ్లిపోయాం.